గొంతులో పాలిప్ తీయించుకుని మళ్ళీ మైకు పట్టేదాకా: ఒక మిమిక్రీవాడి అనుభవం

2024 డిసెంబర్ 12న నా స్వరతంత్రి మీద, అంటే గొంతులో మాట పుట్టించే పట్టీ మీద, ఉన్న పాలిప్ అనే చిన్న బుడిపె తీసేశారు. ఇది రాస్తున్నది 2025 జూన్ నెలాఖరులో. ఈ మధ్యలో ఏం జరిగింది, ఎంతయింది, ఏ గొంతు ఎప్పుడు తిరిగొచ్చింది అన్నవన్నీ రాసి పెడుతున్నాను. మా లైన్లో ఉన్నవాళ్ళు, అంటే మిమిక్రీ వాళ్ళు, యాంకర్లు, బుర్రకథ వాళ్ళు, ఆఖరికి ట్యూషన్ మాస్టార్లు కూడా గొంతు బొంగురుపోయిన ప్రతిసారీ నాకే ఫోన్ చేస్తున్నారు. అందరికీ విడివిడిగా చెప్పుకుంటూ కూర్చుంటే మళ్ళీ ఆ గొంతే అరుగుతుంది.

నాది విజయనగరం. 2007లో, డిగ్రీ చదివేటప్పుడు, కాలేజీ ఫంక్షన్లో మా లెక్చరర్లనే అనుకరించి మొదలుపెట్టాను. ఆ రోజు తిన్న తిట్లూ, పడ్డ చప్పట్లూ రెండూ ఇంకా గుర్తే. తర్వాత కొన్నాళ్ళు ఆర్కెస్ట్రా వాళ్ళ వెంట తిరిగాను. పాటకీ పాటకీ మధ్య గాయకుడు మంచినీళ్ళు తాగి వచ్చేలోపు ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్ ముగ్గుర్నీ దింపేసి పక్కకు తప్పుకోవాలి. టీవీల్లో కామెడీ స్కిట్లు పెరిగాక ఒక్కడూ నిలబడి గొంతులు మారిస్తే జనానికి ఆనడం మానేసింది. వేషం కావాలి, జోడీ కావాలి, చిన్నదో పెద్దదో కథ కావాలి. అలా నేనూ, పార్వతీపురం కుర్రాడొకడూ జట్టయ్యాం. రక్తసంబంధం ఏమీ లేదు గానీ స్టేజీ మీదా కిందా తమ్ముడనే పిలుస్తాను. మా సీజన్ వినాయక చవితితో మొదలై శ్రీరామనవమితో అయిపోతుంది. ఇటు బొబ్బిలి, సాలూరు. అటు ఆమదాలవలస, టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం. ఇద్దరికీ కలిపి ప్రోగ్రాంకి 10 నుంచి 15 వేలు. అందులోంచే కారు, మేకప్ సామాను, దారి ఖర్చు. ఎండాకాలం పెళ్ళిళ్ళలో యాంకరింగ్.

గొంతులు ఎలా చేస్తామో కాస్త చెప్పాలి, లేకపోతే తర్వాతి సంగతులు అర్థం కావు. ఏఎన్నార్ గారిది మెత్తగా, ముక్కు దగ్గర నిలబెట్టి పలికితే వచ్చేస్తుంది, గొంతుకు శ్రమ లేదు. ఎన్టీఆర్ గారికి ఛాతీలోంచి గాలి కావాలి, అచ్చుల్ని సాగదీయాలి. ఊపిరి ఉంటే చాలు. బ్రహ్మానందం గారిది సగం టైమింగే. రావుగోపాలరావు గారి దగ్గరకు వచ్చేసరికి కథ మారిపోతుంది. ఆయన పాపం హాయిగానే మాట్లాడేవారు, అది ఆయన సొంత గొంతు కదా. ఆ బరువు నా గొంతులో రావాలంటే మెడ నరాలు పొంగేలా బిగబట్టాలి. రాక్షసుడి నవ్వు, దెయ్యం గొంతు కూడా అంతే. నాకు పేరు తెచ్చినవి మాత్రం సరిగ్గా ఇవే. శ్రీకాకుళం జిల్లాలో ఏ పందిట్లోకి వెళ్ళినా "రావుగోపాల్రావుది సెయ్యి బావు" అని వెనక వరసలోంచి కేక వచ్చేది.

2024 చవితి పందిళ్ళు అయ్యాక గొంతు బొంగురుపోయింది. అది ఏటా ఉండేదే. మూడు నాలుగు రోజులు మిరియాల పాలు తాగి, మాట తగ్గిస్తే సర్దుకునేది. ఈసారి పూర్తిగా సర్దుకోకముందే దసరా ప్రోగ్రాంలు మొదలైపోయాయి.

అక్టోబర్ 14, తొలేళ్ళ రాత్రి, అంటే మా ఊరి జాతరకు ముందు రాత్రి. మర్నాడే పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం. ఆ రాత్రి మా ఊరు నిద్రపోదు. ఒక వార్డు కుర్రాళ్ళు వేసిన స్టేజీ మీద మా ప్రోగ్రాం. పక్క వీధిలో డీజే, వెనకాల జనరేటర్, స్టేజీ మీద పొగ మిషను. మా వైపు తిప్పిన స్పీకర్, మేం మానిటర్ అంటాం, ఒక్కటీ లేదు. మన మాట మనకు వినబడకపోతే తెలియకుండానే గొంతు పెరిగిపోతుంది. రావుగోపాలరావు గారి పద్ధతిలో మాటను లాగి లాగి విరిచే చోటుకి వచ్చేసరికి లోపల ఏదో చిట్లినట్టయింది. నొప్పి లేదు. నోరు కదులుతోంది, గాలి వస్తోంది, శబ్దం లేదు. జనం అదీ ఒక ఐటెమే అనుకుని ఈలలు వేశారు. తమ్ముడు నా మొహం చూసి మైకు లాక్కున్నాడు. "మా అన్నకి దిష్టి తగిలేసిందిరా, ఎవులైనా ఓ నిమ్మకాయ ఒట్టుకురండ్రా" అని ఆ మిగిలిన పావుగంటా ఒక్కడే లాక్కొచ్చాడు. నిజంగానే ఒక ముసలమ్మ నిమ్మకాయ పట్టుకొచ్చింది.

తర్వాత మూడు నాలుగు వారాలు మందుల షాపు మందులు, ఒక క్లినిక్‌లో రాసిన యాంటీబయాటిక్స్, అవయ్యాక ఇంకో రకం యాంటీబయాటిక్స్. గొంతులోకి తొంగి చూసినవాళ్ళు లేరు. టార్చిలైటు వేసి "ఆ" అనమంటే కనబడేది కొండనాలుక దాకానే. స్వరతంత్రులు అంతకంటే కిందుంటాయి. గొట్టమో, అద్దమో పెట్టి చూస్తే తప్ప కనబడవు. ఇది నాకు నవంబర్ 11న, ఈఎన్‌టీ స్పెషలిస్టు కెమెరా గొట్టం పెట్టినప్పుడు తెలిసింది. మూడు వారాలు దాటి బొంగురు తగ్గకపోతే ముందు ఆ పరీక్షే చేయించుకోమని ఆయన చెప్పిన మాట నేను ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. ఫీజు 500, స్కోపు 1,500.

ముక్కులో మత్తు మందు కొట్టి సన్నటి గొట్టం దింపారు. కళ్ళమ్మట నీళ్ళొస్తాయి, అంతే. "ఈ... అనండి" అన్నారు. తెర మీద తెల్లగా రెండు పట్టీలు దగ్గరికొస్తున్నాయి, విడిపోతున్నాయి. ఎడమదాని అంచున కందిగింజంత ఎర్రటి బుడిపె. పట్టీలు రెండూ కలవబోయే చోట అది అడ్డంగా ఉండిపోవడం, సందులోంచి గాలి కారిపోవడం నేనే చూశాను. పదిహేడేళ్ళుగా దాని మీద బతుకుతూ ఆ వస్తువును చూడటం అదే మొదటిసారి. మగవాళ్ళు మామూలుగా మాట్లాడేటప్పుడే అవి సెకనుకి వంద నుంచి నూట ముప్పై సార్లు కొట్టుకుంటాయట. అరిస్తే దెబ్బ ఇంకా గట్టిగా పడుతుంది. రెండువైపులా ఎదురెదురుగా కాయ కాసినట్టు గట్టిపడితే వాటిని నాడ్యూల్స్ అంటారు, అవి చాలామందికి స్పీచ్ థెరపీతోనే, అంటే గొంతు వాడే పద్ధతి సాధన చేయిస్తేనే తగ్గుతాయి. నాది ఒకవైపే, రక్తనాళం చిట్లి ఏర్పడిన పాలిప్. తీయక తప్పేలా లేదన్నారు. సిగరెట్టా, గుట్కానా, జర్దానా అని మూడుసార్లు తిప్పి తిప్పి అడిగారు. ఏదీ లేదన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. మా ఆవిడ పక్కనుంచి "నిజమేనండీ" అన్నాక రాసుకున్నారు.

విశాఖపట్నంలో గొంతుకే ప్రత్యేకంగా చూసే డాక్టరు దగ్గరకు రాసిచ్చారు. అపాయింట్‌మెంటు దొరకడానికి పది రోజులు పట్టింది. నవంబర్ 22న స్ట్రోబోస్కోపీ చేశారు. మిణుకు మిణుకుమనే లైటు వేసి చూస్తే తంత్రులు నెమ్మదిగా అలలా కదులుతున్నట్టు కనబడతాయి. ఎక్కడ అల ఆగిపోతోందో తెలుస్తుంది. అది, ఫీజు కలిపి 3,300. ఆపరేషన్ ప్యాకేజీ 52 వేలన్నారు. రేషన్ కార్డు ఉంది కదా, ప్రభుత్వ ఆరోగ్య పథకంలో చేయించుకోలేకపోయావా అని చాలామంది అడిగారు. నేను కనుక్కున్న చోట తేదీ నెల దాటాకే ఉందన్నారు, సంక్రాంతి బుకింగులు నెత్తిమీద ఉన్నాయి. లక్ష చీటీని 18 వేలు తగ్గించి పాడి ఎత్తాను. ఎవరైనా ఇదంతా తీరిగ్గా చేసుకోగలిగితే సీజన్ అయిపోయాక, మే నెలలో పెట్టుకోండి.

ఆపరేషన్‌కి ముందే స్పీచ్ థెరపిస్టును కలవమన్నారు. కోసేది డాక్టరైతే ముందుగా ఈవిడతో పనేమిటో నాకు అర్థం కాలేదు. చిన్న గది, ఒక మైకు, ఒక కంప్యూటర్. నా చెల్లెలి వయసుంటుంది మేడంకి. ఒక్క ఊపిరిలో ఎంతసేపు "ఆ" అనగలరో అనండి అన్నారు. నాకు ఏడు సెకన్లు వచ్చింది. మామూలు మగవాడికి ఇరవై దగ్గర రావాలట. తర్వాత పేరు చెప్పమన్నారు, చెప్పాను. "ఇది స్టేజీ మీద గొంతు సర్, ఇంట్లో ఉప్పు అందించమని అడిగేటప్పటి గొంతు కావాలి" అన్నారు. మళ్ళీ చెప్పాను. "ఇది ఫోన్లో కమిటీ వాళ్ళతో మాట్లాడే గొంతు" అన్నారు. ఆవిడ దగ్గర మిమిక్రీ చెల్లదని ఆ రోజే తెలిసింది. ఆపరేషన్ తర్వాత ఎలా మౌనంగా ఉండాలో, మొదటి మాట ఎలా అనాలో ముందే సాధన చేయించారు. ఆ తర్వాత నేర్చుకుందామంటే మాట్లాడటానికే ఉండదు కదా, అందుకని.

డిసెంబర్ మొదటి వారమంతా అడ్వాన్సులు తిరిగి ఇవ్వడంతో సరిపోయింది. 34 వేలు. రథసప్తమికి శ్రీకాకుళంలో ఒప్పుకున్నది కూడా అందులో ఉంది. ఒక కమిటీ పెద్దాయన "డబ్బు అట్టే పెట్టు నాయినా, ఉగాదికి ఒచ్చి సేద్దువు" అన్నారు. ఇంకొకరు ఆ సాయంత్రమే ఇంటికి మనిషిని పంపించారు. ఇద్దరినీ తప్పుపట్టను, పందిరి ఆగదు కదా.

12వ తేదీ తెల్లవారుజామున విశాఖ చేరాం. రాత్రి పన్నెండు నుంచి మంచినీళ్ళు కూడా లేవు. మత్తు డాక్టరు వచ్చి గుండె గురించీ షుగరు గురించీ కాదు, పళ్ళ గురించి అడిగారు. నాకు పైన ఒక పన్ను కాస్త కదులుతుంది. గొంతు కనబడేలా నోట్లో లోహపు గొట్టం పెట్టి బిగిస్తారు, ఆ పన్ను ఊడొచ్చని కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. బయట కోత, కుట్లు ఏమీ ఉండవు. అంతా నోట్లోంచే, మైక్రోస్కోపులో చూస్తూ. ముప్పావు గంటలో అయిపోయిందట. మెలకువ వచ్చేసరికి మా అమ్మ మంచం పక్కన నిలబడి "ఏటి నాయినా, పలకవేటి?" అంటోంది. మాట్లాడకూడదని ఆవిడకు పదిసార్లు చెప్పాం. నర్సు వచ్చి నా నోటి మీద చెయ్యి పెట్టింది, ఎందుకంటే నేను పలకబోయాను. పన్ను ఊడలేదు.

ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. నాలుక మొద్దుబారింది. ఆ లోహపు గొట్టం ఒత్తిడికి కొందరికి అలా అవుతుందట. రెండు వారాల పాటు ఏది తిన్నా రాగి చెంబు నాకినట్టే ఉండేది. చోడి అంబలి, ఆవకాయ అన్నం, అన్నీ ఒకటే రుచి. అది తెలియక మొదటి రెండు రోజులూ ఇంకేదో అయిందని హడలిపోయాను.

వారం రోజులు పూర్తి మౌనం. గుసగుస కూడా వద్దన్నారు. గుసగుసలాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటాం గానీ అందులోనూ బిగింపు ఉంటుంది. సకిలించకూడదు, గొంతు సవరించుకోకూడదు. నాబోటివాడికి అన్నిటికంటే కష్టమైనది నవ్వు ఆపుకోవడం. టీవీలో కామెడీ ఛానెళ్ళు ఇంట్లో బంద్. తమ్ముడు చూడటానికి వస్తానంటే మా ఆవిడ గుమ్మం దగ్గరే నిలబెట్టి, మొహం చిట్లించకూడదు, కళ్ళు తిప్పకూడదు అని షరతులు పెట్టి లోపలికి పంపింది. వాడు పాపం చావు ఇంటికి వచ్చినట్టు కూర్చున్నాడు. దాంతో నాకు ఇంకా నవ్వొచ్చింది.

ఆపరేషన్‌కి ముందు రోజు ఫోన్లో నా మాటలు కొన్ని చిన్న చిన్న ముక్కలుగా రికార్డు చేసి పెట్టుకున్నాను. "ఎవరండీ", "రేపు చెప్తాను", "వద్దు", "ఎంతండీ". బొంగురు గొంతే, కానీ పనికొచ్చింది. మా పాప ఊరుకుంటుందా? పాత ప్రోగ్రాం వీడియోల్లోంచి ఏఎన్నార్ గొంతుతో నేను చేసిన మాటలు కత్తిరించి అందులో చేర్చింది. కూరగాయల బండి అబ్బాయికి "ఎంతండీ" నొక్కబోయి ఏఎన్నార్‌ని నొక్కాను. అతను అటూ ఇటూ చూసి, "సినిమా సూత్తన్నారా సార్?" అన్నాడు. ఎదురింటావిడ మటుకు నాకు పూర్తిగా మాట పడిపోయిందని రెండు వీధులకు చెప్పేసింది. కమిటీల వాళ్ళలో కొందరికి ఆ కబురే చేరింది, ఆ తర్వాత చాలాకాలం ఫోన్లు రాలేదు.

తీసిన ముక్కను పరీక్షకు పంపారు, రిపోర్టు 21న వచ్చింది. ఆ తొమ్మిది రోజులూ ఇంట్లో ఎవరూ ఆ రోగం పేరు ఎత్తలేదు. అమ్మ ఏదో మొక్కుకుందని తెలుసు, ఏం మొక్కిందో అడగడానికి నాకు గొంతు లేదు. రిపోర్టు ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ. థెరపిస్టు మేడం అందులో ఒక్క మాట మీద వేలు పెట్టి, "క్యాన్సర్ కాదు సర్" అన్నారు. అమ్మ ఆ సాయంత్రమే పైడితల్లి గుడికి వెళ్ళొచ్చింది.

అంతకు రెండు రోజుల ముందే, 19న, మొదటిసారి పలికించారు. పెదాలు మూసి "మ్" అనమన్నారు. శబ్దం వచ్చింది, కానీ అది నాది కాదు. పలుచగా, తడిసిన కాగితం చప్పుడులా. మొదటి వారం గంటకు ఐదు నిమిషాల మాట. తర్వాత పది. ఫోను వద్దు, కేక వద్దు, పక్క గదిలో మనిషితో మాట వద్దు. మాకు మేడ మీద వాటా. కిందనుంచి ఎవరు పిలిచినా పళ్ళెం మీద గరిటె కొట్టి జవాబిచ్చేవాణ్ణి.

డిసెంబర్ 28 నేరెళ్ళ వేణుమాధవ్ గారి పుట్టినరోజు. 1932లో ఓరుగల్లులో పుట్టి, మిమిక్రీకి పెద్ద వేదికల మీద కుర్చీ వేయించిన మనిషి ఆయన. 2001లో పద్మశ్రీ వచ్చింది, 2018లో వెళ్ళిపోయారు. ఆ రోజును మేం మిమిక్రీ దినోత్సవంగా చేసుకుంటాం. మా జిల్లాల వాళ్ళం కొందరం ఒకచోట చేరి ఆయన ఫొటోకి దండ వేసి, తలో ఐటెం చేస్తాం. నేను వెళ్ళాను. నా వంతు వచ్చింది. మైకు దగ్గర నిలబడి పెదాలతో గుర్రం నడక, కుక్కర్ విజిల్, చుక్క చుక్కగా కారే కుళాయి చేశాను. వీటికి స్వరతంత్రులతో పనిలేదు; పెదాలు, నాలుక, బుగ్గలు చాలు. మేడంని ముందే అడిగి ఒప్పుకున్నాకే చేశాను. ఆ మూడు ఐటెంలే నా జనవరి, ఫిబ్రవరి నెలలకు ఉప్పూ పప్పూ అయ్యాయి.

ఎలాగంటే, తమ్ముడికి ఒక ఆలోచన వచ్చింది. స్టేజీ మీద నేను పెదాలు కదుపుతూ నటిస్తాను, వాడు వెనక కుర్చీలో కూర్చుని నాకు మాట ఇస్తాడు. మధ్యలో వాడు కావాలని మాట తప్పిస్తాడు. నేను గొడవ పడుతుంటే ఆడగొంతు ఇస్తాడు, బతిమాలుతుంటే బస్సు హారన్ కొడతాడు. సంక్రాంతికి రెండు పల్లెల్లో చేశాం. 6 వేలకు ఒప్పుకున్నాం, మామూలు రేటులో సగం. ఆ స్కిట్ ఇప్పుడు మా దగ్గర అన్నిటికంటే బాగా పేలుతోంది. వాడు అందులో వాటా ఎక్కువ అడుగుతున్నాడు, అడగడం న్యాయమే.

థెరపీ జనవరిలో వారానికి రెండు, ఫిబ్రవరిలో వారానికి ఒకటి. సెషన్‌కి 600. దానికన్నా విశాఖ వెళ్ళి రావడానికే సగం రోజు పోయేది. ఇంట్లో చేయాల్సిన పని వింటే నవ్వొస్తుంది. గ్లాసులో నాలుగు వేళ్ళ నీళ్ళు పోసి, కొబ్బరి బొండాం స్ట్రా ముంచి, బుడగలు వచ్చేలా "ఊ" అనాలి. రోజుకు ఐదారుసార్లు. అలా చేస్తే తంత్రులు గట్టిగా గుద్దుకోకుండా కదులుతాయట. మొదటి వారం ఇదేం వైద్యం అనుకున్నాను. నెల తిరిగేసరికి "ఆ" పద్నాలుగు సెకన్లకు వచ్చింది.

ఇంటి చిట్కాల గురించి కూడా చెప్పేస్తాను. తేనె, శొంఠి, అతిమధురం, కరక్కాయ, రాళ్ళ ఉప్పు... చుట్టాలు తెచ్చినవి ఒక షెల్ఫు నిండాయి. డాక్టరుగారు బొమ్మ గీసి చూపించారు: మింగిన ఏ వస్తువూ స్వరతంత్రుల మీదుగా పోదు, అది తిండి తోవ, ఇది గాలి తోవ. తేనె గొంతుకు హాయిగా ఉంటే తాగండి, పాలిప్ కరుగుతుందని తాగకండి అన్నారు. ఆయన పట్టుబట్టింది వేరే దాని మీద. ప్రోగ్రాం అయ్యాక రాత్రి ఒంటిగంటకు కమిటీ వాళ్ళు పెట్టే బిర్యానీ తిని, కారులో వెనక్కి వాలి పడుకుంటాం కదా, కడుపులోని పులుపు పైకి తన్ని తంత్రుల్ని కాలుస్తుందట. ఇప్పుడు ప్రోగ్రాంకి ముందే ఏడింటికి తినేస్తున్నాను. అందరికీ ఇదే పెద్ద మర్యాద లోపంగా కనిపిస్తోంది.

సాయంత్రాలు ఊరికే ఇంట్లో కూర్చోలేక సంగీత కళాశాల వైపు నడిచేవాణ్ణి. 1919లో పెట్టిన బడి, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. ఆయన రోజుల్లో మైకు లేకుండా గంటల తరబడి హరికథ చెప్పేవారని వింటూ పెరిగినవాణ్ణి. గోడ పక్కన నిలబడితే లోపల పిల్లలు మంద్రంలో "సా" పట్టి సాధన చేస్తుండేవారు. అక్కడ పరిచయమైన రిటైర్డ్ గాత్రం మాస్టారు ఒకాయన నా సంగతి విని, "పైకి అరవడం ఎవడైనా చేస్తాడు నాయనా, కింద నిలబడు" అన్నారు. థెరపిస్టు మేడంకి చెబితే, మెల్లగా, బిగించకుండా అయితే చేయండి అన్నారు. ఇద్దరూ ఒకటే చెబుతున్నారని నాకు అనిపించింది గానీ ఫీజు మాత్రం ఒకరికే ఇచ్చాను. మాస్టారికి ఒక కిలో పలాస జీడిపప్పు.

గొంతులు తిరిగొచ్చిన వరస నేను అనుకున్నట్టు లేదు. ఏఎన్నార్ గారు ముందొచ్చారు, జనవరి నెలాఖరుకి. బ్రహ్మానందం గారు వెనకే. ఎన్టీఆర్ గారు ఫిబ్రవరి మధ్యలో, అయితే ఒక్క ఊపిరిలో నాలుగు మాటలే. ఆడగొంతు తేలిక కాబట్టి ముందే వస్తుందనుకున్నాను. అదే అందరికన్నా ఆలస్యం. సన్నగా, మెల్లగా పైకి పలకడంలోనే తంత్రుల అంచు వాపు ఏమాత్రం ఉన్నా బయటపడిపోతుందని మేడం చెప్పారు. అందుకే ఇప్పటికీ రోజూ పొద్దున్నే ఆడగొంతులో సన్నగా ఒక పల్లవి కూనిరాగం తీసి చూసుకుంటాను. తేలిగ్గా వస్తే ఆ రోజు పనికి వెళ్ళొచ్చు. తెగితే ఆ రోజు మాట తగ్గించాలి.

ఫిబ్రవరి 4న రథసప్తమి. అరసవల్లిలో లక్షల జనం. మేం వదులుకున్న స్టేజీ మీద వేరే జట్టు చేసిన ప్రోగ్రాం ఫోన్లో చూశాను. ఆ కుర్రాడు రావుగోపాలరావు గారి ఐటెం చేశాడు, బాగానే చేశాడు. మెడ నరాలు అలాగే పొంగాయి. రాత్రంతా ఆగి మర్నాడు ఫోన్ చేసి, మానిటర్ లేకుండా చేయకు తమ్ముడూ అన్నాను. "ఏం కాదన్నా, నాది గట్టి గొంతు" అన్నాడు.

మార్చి రెండో వారంలో మళ్ళీ స్ట్రోబోస్కోపీ. ఈసారి తెర మీద రెండు పట్టీలూ పూర్తిగా కలుస్తున్నాయి. ఎడమదాని మీద అల కాస్త బద్ధకంగా ఉంది, అది ఇంకో ఆర్నెల్లకు మెరుగుపడొచ్చు, లేదా అలాగే ఉండిపోవచ్చు అన్నారు. స్టేజీకి ఒప్పుకున్నారు, షరతులతో. రాత్రికి ఒకటే ప్రోగ్రాం, నలభై నిమిషాలు, మధ్యలో నీళ్ళు. బిగబట్టి చేసే గొంతులు వద్దు. నేను రావుగోపాలరావు గారి పేరు ఎత్తగానే థెరపిస్టు మేడం తల అడ్డంగా ఊపారు. బేరమాడాను. నెలకోసారి, ఒక్క డైలాగు? ఊహూ.

ఏప్రిల్ 6, శ్రీరామనవమి. చీపురుపల్లి దగ్గర ఒక పల్లెలో పందిరి. వెళ్ళేటప్పుడు మా సొంత మానిటర్ తీసుకెళ్ళాం, సెకండ్ హ్యాండ్‌లో 7,500కి కొన్నాను. సౌండ్ సిస్టం అబ్బాయికి అది పెట్టించడానికే పావుగంట బతిమాలాల్సి వచ్చింది. నా మాట నాకు వినబడుతూ స్టేజీ చేయడం ఇన్నేళ్ళలో బహుశా అదే మొదలు. ఎంత తక్కువ గొంతుతో పని జరిగిపోతుందో చూసి నాకే వింతగా ఉంది. ముందు వరసలో తాత ఒకాయన, "ఇదేటి, మునపట్లాగ అరవట్లేదు?" అని పక్కవాడిని అడగడం కూడా వినబడింది. పానకం ఇచ్చారు, చల్లగా ఉందని పక్కన పెట్టి గోరువెచ్చని నీళ్ళు అడిగాను. ప్రోగ్రాం అయ్యాక చప్పట్లు మామూలుగా పడ్డాయి. ఎక్కువా లేదు, తక్కువా లేదు. ఇంటికొచ్చి పడుకున్నాను గానీ తెల్లారి గొంతు ఉంటుందో లేదోనని నిద్రపట్టలేదు. పొద్దున కూనిరాగం తీశాను, పల్లవి తెగకుండా వచ్చింది.

మొత్తం లెక్క అడిగేవాళ్ళ కోసం: పరీక్షలు, ఆపరేషన్, మందులు, థెరపీ, బస్సులు కలిపి 86 వేల దాకా అయింది. చీటీలో పోయింది 18 వేలు. వదులుకున్న ప్రోగ్రాంలు లెక్కేస్తే రెండున్నర లక్షలకు తక్కువ కాదు. అందరూ ఆపరేషన్ ఖర్చు గురించే అడుగుతారు, అసలు దెబ్బ ఈ చివరి అంకె దగ్గర ఉంది. ఆపరేషన్ ముప్పావు గంట అని విని, పది రోజుల్లో స్టేజీ ఎక్కేయొచ్చనుకుని అడ్వాన్సులు తీసుకోకండి. మూడు నెలలు చేతిలో ఏమీ ఉండదని లెక్కేసుకుని దిగండి. థెరపీ డబ్బులు మిగుల్చుకుందామని చూడకండి. అదే వరసలో అరిస్తే పాలిప్ మళ్ళీ వస్తుందని డాక్టరుగారు ముందే చెప్పేశారు.

తర్వాతి స్కోపు సెప్టెంబర్లో. ఆగస్టు 27 వినాయక చవితి, అప్పుడే బుకింగులు మొదలయ్యాయి. కమిటీలకు ముందే చెప్పేస్తున్నాను: మానిటర్ మాది, భోజనం ఏడింటికి, పొగ మిషను వద్దు, రావుగోపాలరావు గారు ఉండరు. ఆయనే కావాలని పట్టుబట్టినవాళ్ళకి రథసప్తమి కుర్రాడి నంబరు ఇస్తున్నాను. మొన్న వాడే ఫోన్ చేశాడు. గొంతు కొంచెం బొంగురుగా ఉంది. స్కోపు ఎంతవుతుందన్నా అని అడిగాడు.